వెంకటరావమ్మ చెయ్యి పడిన కంప్యూటరు

ఆ సోమవారం పొద్దున వెంకటరావమ్మ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, తొమ్మిదీ పన్నెండు ముహూర్తానికి గుంటూరులో తమ్ముడి కోల్డ్ స్టోరేజికి వెళ్ళి, కొత్తగా కొన్న కంప్యూటరు మీద చెయ్యి వెయ్యడం. రెండు, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చి పండుమిరపకాయలు రోట్లో వేసి తొక్కడం. ఈ రెండింట్లో ఆవిడకి రెండోదే పెద్ద పనిగా కనిపించింది. కాయలు కడిగి, తుడిచి, తొడిమలు తీసి, నీడన ఆరబోసి, కాకులు ముట్టకుండా పైన పాత చీర కప్పి అప్పుడు బయల్దేరింది. కంప్యూటరుకైతే ఏ సరంజామా అక్కర్లేదు, చెయ్యి ఒక్కటి పట్టుకెళితే చాలు.

ఆ చెయ్యి సంగతి కాస్త చెప్పుకోవాలి. మిరియంపాడులో ఆవిడ చెయ్యి పడకుండా ఏ పనీ మొదలయ్యేది కాదు. మిరపనారు పోసేటప్పుడు మొదటి గుప్పెడు గింజలు ఆవిడే చల్లాలి. పత్తి తీతలు మొదలయ్యే రోజున మొదటి పత్తి ఆవిడ చేత్తోనే తియ్యాలి. పెళ్ళివారింట పసుపు కొడుతుంటే రోకటి తొలిపోటు ఆవిడదే. బోరు వేసేవాళ్ళు లారీ నిలబెట్టి, గొట్టాలు దింపి, ఆవిడ స్నానం ముగించుకుని వచ్చేదాకా బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవాళ్ళు. ఎవరైనా మెచ్చుకుంటే, "నాదేముందమ్మా, చెయ్యి అలాంటిది" అనేది, ఆ చెయ్యేదో పక్కింట్లో అడిగి తెచ్చుకున్నట్టు. లోపల మాత్రం ఆవిడకి ఆ చెయ్యంటే ప్రాణం. చదువు లేదు, చెప్పుకోదగ్గ ఆస్తి లేదు, భర్త బాపయ్యా నలుగుర్లో నిలబడి మాట్లాడే మనిషి కాదు. ఊళ్ళో ఆవిడకంటూ ఉన్న గౌరవమంతా ఆ కుడిచేతిలోనే ఉంది.

ఇంకో మాట. చెయ్యి వెయ్యడమంటే ఆవిడ లెక్కలో ఊరికే తాకించి తియ్యడం కాదు. వేసిన చెయ్యి పంతులుగారి మంత్రం పూర్తయ్యేదాకా వేసినచోటే, గట్టిగా ఉండాలి. మధ్యలో తీస్తే చలవ కారిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం. పంతులుగారి మంత్రం సామాన్యంగా తెమిలేది కాదు.

తమ్ముడు బుల్లయ్యది గుంటూరు శివార్లలో మిరపకాయల కోల్డ్ స్టోరేజి. కిందటేడు, అంటే ఎనభై ఎనిమిదిలో, మిరియంపాడు రైతుల బస్తాలు ఏ గదిలో ఏ అంతస్తులో పెట్టారో రిజిస్టర్లో దొరక్క, సన్న కాయల వాడికి లావు కాయలు, లావు కాయల వాడికి తాలు కాయలు ఇచ్చి పంపారు. ఆ గొడవతో విసిగిపోయిన బుల్లయ్య మద్రాసు వెళ్ళి కంప్యూటరు కొనుక్కొచ్చాడు. దానికి అద్దాల గది కట్టించి, చల్లటి మిషను పెట్టించి, పైన జరీ అంచు తువ్వాలు కప్పించి, చెప్పులు బయట విడవాలని బోర్డు రాయించాడు. దాన్ని నడపడానికి బ్రాడీపేటలో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకున్న రెబ్కాని పెట్టుకున్నాడు. రెబ్కా మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు మరియదాసుగారి అమ్మాయి. కనిపించిన అంకెనల్లా నోటుబుక్కులో రాసుకునే అలవాటు తండ్రి దగ్గర్నుంచి వచ్చింది.

వెంకటరావమ్మ చెప్పులు విడిచి, పసుపు రాసిన కాళ్ళతో లోపలికి వెళ్ళి, ఆ పెట్టెని చుట్టూ తిరిగి చూసింది. స్విచ్చి ఎక్కడుందని అడిగింది. పెట్టె పక్కనే, బాగా వెనకవైపుకి ఉందని రెబ్కా చూపించింది.

"శుభమా అని మొదలెడుతూ వెనకనుంచి చెయ్యి పెట్టమంటావా?" అంది వెంకటరావమ్మ. "పనిచేసేది ఎటువైపమ్మా ఇది?"

"ముందరేనండి. ఈ కీబోర్డు మీద."

"అయితే నేనిక్కడ వేస్తాను. నువ్వు వెనకాల స్విచ్చి వెయ్యి."

ఇందులో తప్పేముందో రెబ్కాకి తెలియదు. బ్రాడీపేటలో నేర్చుకునే పిల్లలు లోపలికి అడుగుపెట్టే సరికి సారే మిషన్లన్నీ వేసి ఉంచేవాడు. అవి ఎలా నిద్ర లేస్తాయో ఆరు నెలల్లో ఒక్కరోజూ చూడలేదు. సరేనంది.

అన్ని మీటల్లోకీ పొడుగ్గా, ఏ అక్షరమూ లేకుండా ఖాళీగా ఉన్నదాన్ని వెంకటరావమ్మ ఎంచుకుంది. ఏదీ రాయని చోటే మొదలుపెట్టాలి కదా. కుడిచెయ్యి చాచి దాన్ని అదిమిపట్టింది. పంతులుగారు మంత్రం అందుకున్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. రెబ్కా వెనక్కి వంగి స్విచ్చి వేసింది. పెట్టె గుర్రుమంది, తెర మీద వెలుగొచ్చింది, అంతలో తోక తొక్కిన పిల్లిలా కుయ్యిమని అరిచి ముప్పై తొమ్మిది అని, పక్కనే మూడువందల ఒకటి అని అంకెలు వేసి అక్కడే ఆగిపోయింది.

ఆపి మళ్ళీ వేశారు. వెంకటరావమ్మ ఈసారి ఇంకాస్త బలంగా నొక్కింది. మళ్ళీ అదే కుయ్యి, అవే అంకెలు. మూడోసారి నాలుగు వేళ్ళూ వేసింది. అప్పుడు పంతులుగారు గడియారం చూసుకుని, ముహూర్తం దాటిపోయింది, ఇంక ఈ పూటకి చాలించమన్నాడు. కొత్తది కదా, బెరుకు ఉంటుందిలే అని బుల్లయ్య అక్కకి సర్దిచెప్పి కారులో ఇంటికి పంపాడు. ఆవిడ వెళ్ళి మిరపకాయలు తొక్కుకుంది.

అందరూ వెళ్ళిపోయాక రెబ్కా ఊరికే ఉండలేక స్విచ్చి వేసి చూసింది. కంప్యూటరు కిక్కురుమనకుండా లేచింది. పిల్ల పట్టలేని సంతోషంతో అద్దాల గది తలుపు తీసి, "సార్, వచ్చేసిందండి, అమ్మగారు వెళ్ళగానే వచ్చేసింది" అని హాల్లో ఉన్న బుల్లయ్యకి చెప్పింది. హాల్లో బుల్లయ్యతో పాటు బస్తాలు దింపుకోవడానికి వచ్చిన మిరియంపాడు రైతులు ఏడుగురు ఉన్నారు. వాళ్ళ ట్రాక్టరు ఊరు చేరేసరికి ఆ మాట అందులో అందరికంటే ముందు కూర్చుని ఉంది.

బుల్లయ్య అక్కని అనుమానించే మనిషి కాదు. కానీ మొదలు కాని పని చెయ్యడమూ ఆయనకి చేతకాదు. రెబ్కా చేత కంప్యూటరు ఆపించి, రేపు అక్కయ్య చెయ్యి పడ్డాకే మొదటి బస్తా ఎక్కించాలన్నాడు. మంగళవారం అక్కయ్య మళ్ళీ వచ్చింది. ఖాళీ మీట మీద వెయ్యడం వల్లే ఖాళీ అయిందని, శ్రీకారానికి దగ్గరగా ఎస్ అక్షరం మీద వెయ్యమని పంతులుగారు సవరించాడు. ఎస్ మీద వేసింది. కంప్యూటరు కుయ్యిమంది, ఈసారి ముప్పై తొమ్మిది బదులు ఇంకేదో వేసి ఆగింది. రెబ్కా అదీ నోటుబుక్కులో రాసుకుంది. వెంకటరావమ్మ వీధి దాటిందో లేదో, పెట్టె బుద్ధిగా లేచి కూర్చుంది.

ఇలా లాభం లేదని విజయవాడనుంచి సుభానీని పిలిపించారు. సుభానీ ఆ చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో కంప్యూటర్లు బాగుచేసే ఇద్దరు ముగ్గుర్లో ఒకడు. బుధవారం మధ్యాహ్నం బస్సు దిగి, చెప్పులు విడిచి, కీబోర్డుని తలకిందులు చేసి వీపు మీద తట్టాడు. పదో పన్నెండో మిరపగింజలు రాలాయి. ఇంకేముంది, దొంగ దొరికాడన్నాడు. దూది పెట్టి సందులన్నీ తుడిచి స్విచ్చి వేశాడు. లేచింది. ఆ రాత్రి బుల్లయ్య కోడిని కోయించి సుభానీకి భోజనం పెట్టాడు.

గురువారం పొద్దున వెంకటరావమ్మ చెయ్యి పడగానే కంప్యూటరు మళ్ళీ కుయ్యిమంది. సుభానీకి రోషం వచ్చింది. సంచిలోంచి సరికొత్త కీబోర్డు తీసి, పాతది పీకేసి తగిలించాడు. అందరూ కాఫీకి వెళ్ళిన పది నిమిషాల్లో అయిదుసార్లు ఆపి, అయిదుసార్లు వేసి చూశాడు. అయిదుసార్లూ లేచింది. పిలవండి అమ్మగారిని అన్నాడు. అమ్మగారు వచ్చింది, పంతులుగారు మంత్రం అందుకున్నాడు, జనం కళ్ళు మూసుకున్నారు, సుభానీ వెనక్కి వెళ్ళి స్విచ్చి మీద వంగాడు. కొత్త కీబోర్డు పాతదానికంటే గట్టిగా కుయ్యిమంది.

సుభానీ మంచివాడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనే రకం కాదు. "సార్, మిషన్లో దోషం లేదు. కీబోర్డులో దోషం లేదు" అని మాత్రం అన్నాడు. అని వెంకటరావమ్మ చేతివంక ఒక్కసారి చూశాడు. చూసింది అర నిమిషం కూడా కాదు. గదిలో ఉన్న పదిహేను మందీ అటే చూశారు. వెంకటరావమ్మ ఆ చెయ్యిని మెల్లగా కొంగు కింద దాచుకుంది.

శుక్రవారానికల్లా మిరియంపాడులో పాత సంగతులన్నీ తవ్వి తీశారు. మూడేళ్ళ కిందట ఆవిడ కొబ్బరికాయ కొట్టిన ట్రాక్టరు ఏడాది తిరక్కుండా కాలవలో పడిందని ఒకరు గుర్తుచేసుకున్నారు. నడిపినవాడు తాగి ఉన్నాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆవిడ మొదటిపూట పితికిన గేదె మొన్న తన్నిందని ఇంకొకరన్నారు. శనివారం ఆవిడ చెయ్యి పడాల్సిన బోరు శుక్రవారం పొద్దున్నే చెప్పాపెట్టకుండా వేసేశారు. అన్నిటికీ మించి, సర్పంచిగారింట్లో పెళ్ళి ఉంది. వచ్చే బుధవారం పసుపు కొట్టడానికి నెల కిందటే ఆవిడకి బొట్టుపెట్టి పిలిచి వెళ్ళారు. ఇప్పుడు సర్పంచిగారి భార్య మనిషిచేత కబురు పంపింది. ఎండలు ముదిరాయి, పెద్దవారు, మీకెందుకు శ్రమ, రాజ్యం వస్తానందిలే అని దాని సారాంశం. రాజ్యం వెంకటరావమ్మకి వరసకి ఆడపడుచు. ఇరవయ్యేళ్ళుగా తన చెయ్యీ మంచిదేనని చెప్పుకుంటూ, వినేవాళ్ళు దొరక్క ఎదురుచూస్తున్న మనిషి.

ఆ మధ్యాహ్నం బాపయ్యకి అన్నం వడ్డించబోతే ఆయన కంచం కాస్త దగ్గరికి లాక్కుని, తనే పెట్టుకుంటాలే అన్నాడు.

"మీరు కూడానా?" అంది వెంకటరావమ్మ.

బాపయ్య కంగారుపడ్డాడు. అబ్బే, వారం రోజుల్నుంచి మీటలు నొక్కీ నొక్కీ నీ చెయ్యి నొప్పెట్టి ఉంటుందని అన్నానంతే అని నీళ్ళు నమిలాడు. కంచం మాత్రం తిరిగి ముందుకి తొయ్యలేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొత్త పచ్చడి జాడీ మూత తీసి, చెయ్యి పెట్టబోయి ఆగి, గరిటె అందుకుంది. పుట్టి బుద్ధెరిగాక పచ్చడి గరిటెతో తియ్యడం ఆవిడకి అదే మొదలు. ఆ గరిటె చేత్తో పట్టుకుని పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చింది. ఊరు అంటే అన్నది, తనకే ఆ చేతిమీద అనుమానం వచ్చింది కదా అని ఏడ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక రెబ్కా బస్సెక్కి మిరియంపాడు వచ్చింది. తెల్లచీర కట్టుకుని, ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వెంకటరావమ్మ రమ్మంది గానీ, మంచినీళ్ళు మాత్రం నువ్వే ముంచుకు తాగమ్మా అంది.

"తప్పు నాదేనండి అమ్మగారూ" అంది రెబ్కా. "మీరు వెళ్ళగానే వచ్చేసిందని నేనే అన్నాను."

"ఉన్నమాటే అన్నావుగా."

"ఉన్నమాటేనండి. కానీ ఎందుకొచ్చిందో అప్పుడు నాకు తెలియదు."

నోటుబుక్కు తెరిచి చూపించింది. కంప్యూటరు నిద్ర లేవగానే ముందు తన మీటలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటుందట. ఏదైనా నొక్కి ఉంటే అది ఇరుక్కుపోయిందని భయపడి, కుయ్యిమని, ఆ మీట నంబరు వేసి ఆగిపోతుందట. అమ్మగారు పొడుగు మీట పట్టుకున్న ప్రతిసారీ ముప్పై తొమ్మిది పడింది. ఎస్ పట్టుకున్న రోజు ఎస్ నంబరు పడింది. మొన్న గురువారం సుభానీ ముఖం చూశాక తనకి అనుమానం వచ్చి, శనివారమంతా ఒక్కతే కూర్చుని ఒక్కొక్క మీటా నొక్కిపట్టి స్విచ్చి వేసి చూసింది. ఎనభైమూడు మీటలకీ ఎనభైమూడు నంబర్లు పడ్డాయి.

వెంకటరావమ్మ ఆ అంకెల వరసల్ని చాలాసేపు చూసింది. "నీ చేతికీ ఆగిందన్నమాట."

"ఆగిందండి."

"నీ చెయ్యీ మంచిది కాదేమో."

"పేపర్ వెయిట్ పెట్టి కూడా చూశానండి. దానికీ ఆగింది."

ఆ మాటతో వెంకటరావమ్మ గుండెల మీదనుంచి బస్తా దింపినట్టయింది. తన చేతిని ఎత్తి, వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి చూసుకుంది. "అంటే అది పొద్దున్నే లేచి ఒళ్ళు విరుచుకుంటుంటే నేను వెళ్ళి దాని పీక నొక్కానన్నమాట" అంది. తర్వాత ఒకటే నవ్వింది. నవ్వు అయ్యాక కోపం వచ్చింది. ఈ సంగతి తమ్ముడికి చెప్పలేదేమని అడిగింది. నిన్న సాయంత్రమే చెప్పానని, పెద్ద ఇంజనీరే దోషం లేదన్నాడు, నువ్వు మా అక్కయ్యని వెనకేసుకొస్తున్నావని సారు తల నిమిరి పంపేశాడని రెబ్కా చెప్పింది.

"నోటితో చెబితే వినరమ్మా వీళ్ళు. రేపు కళ్ళతో చూపిద్దాం" అంది వెంకటరావమ్మ. అని లేచి, నిండు గ్లాసుతో మజ్జిగ తనే పట్టుకొచ్చి పిల్ల చేతికిచ్చింది.

సోమవారం ఆవిడ ఊరందర్నీ వెంటబెట్టుకుని కోల్డ్ స్టోరేజికి వచ్చింది. నా చెయ్యి పాడైపోయిందని నేనూ ఒప్పుకున్నాను, మంచి చేతులున్నవాళ్ళు వచ్చి మొదలుపెట్టండని చాలా వినయంగా ప్రకటించి, ఓ కుర్చీ వేయించుకుని గోడ పక్కన కూర్చుంది. అందరికంటే ముందు రాజ్యం లేచింది. కొత్త చీర కట్టుకుని, చేతికి గాజులు నిండా వేసుకుని సిద్ధంగా వచ్చింది. మనం ఎలా చేసేవాళ్ళమో అలాగే చెయ్యమ్మా, మంత్రం అయ్యేదాకా తియ్యకూడదు సుమా అని వెంకటరావమ్మే జాగ్రత్త చెప్పింది. రాజ్యం వేలు పెట్టింది, రెబ్కా స్విచ్చి వేసింది, కంప్యూటరు కుయ్యిమంది.

రాజ్యం ముఖం మాడిపోయింది. ఆడవాళ్ళ వల్ల కాదులెమ్మని సర్పంచి లేచాడు. కుయ్యి. మంత్రం చదివేవాడిని నేనే వేస్తే సరి అని పంతులుగారు మంత్రం ఆపకుండానే వేశాడు. కుయ్యి. బుల్లయ్య వేశాడు. హమాలీల మేస్త్రీ జోసఫ్ ప్రభువా అని తలచుకుని వేశాడు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి పంతొమ్మిది మంది చేతులు వేశారు, పంతొమ్మిది మందికీ ఆగింది. కుర్చీలో వెంకటరావమ్మ మొహం వెన్నెల్లా వెలిగిపోతోంది. ఇంక ఒక్క క్షణంలో వీళ్ళకి బుద్ధి వస్తుంది, ఎవరి చేతిలోనూ ఏమీ లేదని తెలుస్తుంది, అప్పుడు రెబ్కా లేచి అసలు సంగతి చెబుతుంది అని ఎదురుచూస్తోంది.

కానీ జనానికి వేరే బుద్ధి వచ్చింది. అందరిచేతా ఆగుతుందంటే అది మొదట ముట్టుకున్నవాళ్ళ ఫలితమే కదా అని రాజ్యం అంది. ఆ పాడు చెయ్యి వారం రోజులు మానకుండా పడింది, ఇంక పెట్టె ఏం బాగుంటుందని ఇంకొకరు అందుకున్నారు. మరి ఆవిడ చెయ్యి పడింది పెట్టె మీదేనా, ఈ కోల్డ్ స్టోరేజి తలుపు తీసినప్పుడూ ఆవిడే కదా అన్నాడు వెనకనుంచి ఒక రైతు. ఆ మాటతో హాలంతా గగ్గోలైంది. పెట్టె లేపలేనివాడు మా కాయలేం కాపాడతాడని బయట ట్రాక్టర్లు వెనక్కి తిప్పడం మొదలెట్టారు. లోపల పెట్టినవాళ్ళు బస్తాలు బయటికి తియ్యమన్నారు. బుల్లయ్య గేటు దగ్గరికి పరిగెత్తి ఒక్కొక్కరినీ చేతులు పట్టుకుని ఆపబోయాడు గానీ, ఇప్పుడే ఆయన చేతికీ ఆగింది కదా, ఎవరూ పట్టుకోనివ్వలేదు.

వెంకటరావమ్మ లేచింది. అద్దాల గదిలోకి వస్తుంటే అందరూ ఒక్కసారిగా ముట్టుకోవద్దన్నారు.

"ముట్టుకోనులే" అంది. "మీరూ ముట్టుకోకండి. అందరూ చేతులు కట్టుకోండి."

బడిపిల్లల్లా అందరూ చేతులు కట్టుకున్నారు. పంతులుగారు నోరు తెరవబోతే, మంత్రం కూడా వద్దు అంది. ఆవిడా రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కంప్యూటరు ఎదురుగా నిలబడింది. "వెయ్యి రెబ్కా."

పెట్టె గుర్రుమంది. తెర వెలిగింది. చిన్నగా ఒక్క కూత కూసి, ఏ అంకెలూ వెయ్యకుండా, ఆకుపచ్చటి అక్షరాలు వరసగా దిగాయి.

"చూశారుగా" అంది వెంకటరావమ్మ. "నా చేతిలో ఏం లేదు, మీ చేతుల్లో ఏం లేదు. అది లేచేటప్పుడు ఎవరూ మీట నొక్కకూడదు, అంతే. నొక్కకపోతే ఎవరున్నా లేస్తుంది. ఈ పిల్ల కనిపెట్టింది."

రెబ్కా నోటుబుక్కు తెరిచింది. ఎవరూ అటు చూడలేదు. బుల్లయ్య కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని అక్క కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఇన్ని నిందలు వేసినా ఆ గొప్పంతా ఇంకొకరికి ఇస్తున్నావే, ఎంత మనసక్కా నీది అన్నాడు. వెంకటరావమ్మ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. మీట సంగతి చెప్పింది, నంబర్ల సంగతి చెప్పింది, పేపర్ వెయిట్ సంగతి కూడా చెప్పింది. విన్నకొద్దీ వాళ్ళకి ఆవిడ మీద భక్తి పెరిగింది. పంతొమ్మిది మంది చేతులు వేస్తే లేవనిది, ఆవిడ చెయ్యి వెయ్యకుండా నిలబడితే లేచింది. ఇందులో ఇంక చెప్పడానికేముందని సర్పంచి తేల్చేశాడు. గేటు దగ్గర ట్రాక్టర్లు మళ్ళీ లోపలికి తిరిగాయి. రాజ్యం తలనొప్పిగా ఉందని అందరికంటే ముందు వెళ్ళిపోయింది.

మర్నాడు బుల్లయ్య ఫొటోగ్రాఫర్ని పిలిపించి, అక్కయ్య చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో తీయించి, పెద్దది చేయించి కంప్యూటరు పైన గోడకి తగిలించాడు. దానికి దండ వెయ్యబోతే బాపయ్య వచ్చి ఆపించాడు. ఆ ఫొటో కింద రెబ్కా చిన్న కాగితం మీద స్విచ్చి వేసేటప్పుడు మీటలు ముట్టుకోరాదని రాసి అంటించింది. పొద్దున్నే వచ్చినవాళ్ళందరూ ఆ కాగితం చదివి, ఫొటోకి దణ్ణం పెట్టుకునేవాళ్ళు.

ఆ సోమవారం ఇంటికొచ్చిన రాత్రే వెంకటరావమ్మ జాడీలో చెయ్యి పెట్టి పచ్చడి తీసి బాపయ్యకి వేసింది. ఆయన మారుమాట లేకుండా తిన్నాడు. బుధవారానికి సర్పంచిగారి భార్య స్వయంగా వచ్చి, కొత్త చీర పెట్టి, జరిగింది మనసులో పెట్టుకోవద్దని పసుపు దంచడానికి మళ్ళీ పిలిచింది. వెంకటరావమ్మ తలంటు పోసుకుని, అందరికంటే ముందు వెళ్ళి, రోలు దగ్గర కొంగు దోపుకుని రోకలి అందుకోబోయింది. సర్పంచిగారి భార్య చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది, చాలా మర్యాదగా. అక్కడ మెత్తటి దిండు వేసిన కుర్చీ ఒకటి చూపించింది.

"మీరు చెయ్యి మాత్రం వెయ్యకండి అత్తా. చేతులు కట్టుకుని ఊరికే కూర్చోండి, చాలు."

వెంకటరావమ్మ కాసేపు రోకలివంక చూసింది, తర్వాత తన చేతివంక చూసుకుంది. చెప్పి లాభం లేదని తెలిసిపోయింది. వెళ్ళి కూర్చుని చేతులు కట్టుకుంది. ఆ వేసవిలో మిరియంపాడులోనూ చుట్టుపక్కల అయిదూళ్ళలోనూ పదకొండు పెళ్ళిళ్ళు, నాలుగు బోర్లు, ఒక పిండిమర ఆవిడ సమక్షంలో మొదలయ్యాయి.

ఆ మనిషికి తీరిక లేదు, ఆ చేతికి పని లేదు.